ఎవరి మీద దయ?

మా చెల్లెలి కొడుకు న్యూజీలాండులో, ఆక్లండు నగరంలో ఉంటున్నాడు. వెళ్ళి పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో వాడు ఆవకాయను మరిచిపోలేదు గాని, క్రికెట్టును మాత్రం పూర్తిగా మరిచిపోయాడు. ఆ దేశంలో రగ్బీ ముందు మరో ఆట లేదట. 2023 అక్టోబరు 29వ తేదీ, ఆదివారం ఉదయం, మేము రెండో విడత కాఫీ తాగుతూ ఉండగా వాడు ఫోను చేశాడు. గొంతు వినగానే మా ఆవిడ కంగారు పడిపోయింది.

"ఏమిట్రా, ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"అందరం బాగానే ఉన్నాం అత్తయ్యా. మా జట్టు ఓడిపోయింది. ఓడిపోవటం కాదు, రిఫరీ ఓడించాడు. మా కెప్టెన్‌ను బయటికి పంపేశాడు."

ఆట ముగిసి అప్పటికి అయిదు గంటలయిందట. అయినా వాడి దుఃఖం చల్లారలేదు. మా ఆవిడ ఫోను నా చేతికిచ్చి, "మీ మేనల్లుడికి ఎవరో ఆటలో అన్యాయం చేశారట, మీరే ఓదార్చండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఓదార్చటానికి మొదలుపెట్టి, వాదించటంలోకి దిగాను. మాస్టర్లకది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ వాదన ఆ రోజుతో తెగలేదు. ఇప్పటికీ మా మధ్య నడుస్తూనే ఉంది. అందులో మీరు కూడా తీర్పు చెప్పవలసిన విషయమొకటి ఉందనిపించి, ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

రగ్బీ తెలియనివారికి రెండు ముక్కలు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకు 15 మంది. 40 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు. పరుగెత్తేవాణ్ణి ఎదుటివాళ్ళు పట్టి పడగొట్టవచ్చు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లోలాగా గట్టి శిరస్త్రాణాలూ కవచాలూ ఉండవు. అందుకని పట్టు భుజాల కంటే కిందనే ఉండాలని నియమం. మెడ మీదా తల మీదా పడితే నేరం. మోస్తరు నేరానికి పసుపు కార్డు; 10 నిమిషాలు బయట కూర్చోవాలి. ఘోరమైన నేరానికి ఎర్ర కార్డు. అతను ఇక ఆ రోజు ఆటలోకి రాకూడదు, అతని బదులు మరొకరూ రాకూడదు. మిగిలిన 14 మందీ 15 మందితో ఆడుకోవలసిందే.

ఈ ఆట మనకు దూరపు చుట్టమే గాని మరీ పరాయిది కాదు. కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న రగ్బీ క్లబ్బు 1878లో మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఈనాటి దాకా ఇంగ్లండు, స్కాట్లండు ఆ కలకత్తా కప్పు కోసమే తలపడుతున్నాయి. 2025లో బొంబాయిలో జరిగిన ఏడుగురి రగ్బీ పోటీలలో హైదరాబాదు పేరు పెట్టుకొని ఒక జట్టు కూడా ఆడింది. కనుక "మనకెందుకండీ ఈ గొడవ" అని పుట తిప్పెయ్యకండి.

ఇక మా వాడి దుఃఖానికి వస్తాను. ప్రపంచ కప్పు ఆఖరి ఆట పారిస్ పక్కన జరిగింది. న్యూజీలాండుకూ దక్షిణాఫ్రికాకూ పోటీ. మొదటి భాగంలోనే న్యూజీలాండు కెప్టెన్ సామ్ కేన్ ఎదుటివాణ్ణి పట్టబోయాడు. అతని భుజం వెళ్ళి ఎదుటివాడి తలకు తగిలింది. రిఫరీ వేన్ బార్న్స్ పసుపు కార్డు చూపి బయట కూర్చోబెట్టాడు. ఈ రోజుల్లో మైదానం బయట ఇంకొక అధికారి బొమ్మలు మళ్ళీ మళ్ళీ వేసి చూసి, కొద్ది నిమిషాలలో తీర్పు చెపుతాడు. ఆయన చూసి, పసుపు చాలదు, ఎరుపే అన్నాడు. పురుషుల ప్రపంచ కప్పు ఆఖరి ఆటలో ఒకరిని శాశ్వతంగా బయటికి పంపటం అదే మొదలు. పద్నాలుగు మందితో ఆడి కూడా న్యూజీలాండువాళ్ళు బంతిని గీత దాటించి నేలకు ఆనించారు. ఆ రోజు ఆ పని చేసింది వాళ్ళొక్కరే. అయినా 12–11, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

"చెప్పు మామయ్యా," అన్నాడు మా వాడు. "తప్పు చేసింది ఒకడు. శిక్ష పద్నాలుగు మందికా? డబ్బు పోసి టిక్కెట్టు కొన్నవాళ్ళకా? పోనీ అతనేమైనా కావాలని చేశాడా? రెప్పపాటులో ఎదుటివాడు దిశ మారితే ఇతనేం చేస్తాడు? ఇంకో మాట. తరవాత వాళ్ళ కెప్టెన్ తల కూడా మావాడి తలకు తగిలింది. అతనికి పసుపుతో సరిపెట్టారు. ఇదెక్కడి ధర్మం?"

కొట్టిపారేయదగిన మాటలు కావివి. రెండో కెప్టెన్ కొలిసీ విషయంలో దెబ్బ తీవ్రత తక్కువని అధికారులు నిర్ణయించారు. కాని రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే సామాన్యుడికి అనుమానం రాక మానదు. నేను జవాబు చెప్పలేక, "ఆలోచించి చెపుతాను లేరా" అని ఫోను పెట్టేశాను. తరవాత ఈ ఆట చరిత్ర కాస్త తిరగేశాను.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఆటలో ఎదుటివాడి ముంగాలు మీద బూటుకాలితో తన్నటం న్యాయమైన పనే! 1863లో లండనులో క్లబ్బుల వాళ్ళందరూ కూడి నియమాలు రాసుకుంటున్నప్పుడు కొందరు ఈ తన్నులు మానేద్దామన్నారు. బ్లాక్‌హీత్ క్లబ్బు తరఫున వచ్చిన కాంబెల్ అనే పెద్దమనిషి ససేమిరా అన్నాడు. తన్నులు తీసేస్తే ఆటలో మగతనం పోతుందన్నాడు. ఒక్క వారం సాధన చేసి ఫ్రెంచివాళ్ళు వచ్చి మనను ఓడిస్తారన్నాడు. మాట చెల్లక ఆ క్లబ్బువాళ్ళు లేచిపోయారు. తీరా 1871లో రగ్బీ వాళ్ళు తమకంటూ సంఘం పెట్టుకున్నప్పుడు, అందులో బ్లాక్‌హీత్ కూడా ఉండగానే, ఆ తన్నులను నిషేధించారు. ఆట చావలేదు సరిగదా, ప్రపంచమంతా పాకింది.

అప్పటి నుంచి ఎప్పుడు ఏ దెబ్బను నిషేధించినా, "ఆట చచ్చిపోతుంది" అనేవాడు ఒకడు లేస్తూనే ఉన్నాడు. ఆట మాత్రం చావటం లేదు.

రెండు దేశాల మధ్య ఆటలో మొట్టమొదట బయటికి వెళ్ళినవాడు కూడా న్యూజీలాండువాడే. పేరు సిరిల్ బ్రౌన్‌లీ. 1925 జనవరి 3న లండను ట్వికెన్‌హామ్ మైదానంలో ఇంగ్లండుతో ఆట. చూసేవారిలో బ్రిటిషు యువరాజు కూడా ఉన్నాడు. ఆట మొదలైన క్షణం నుంచి ఇరుపక్షాలూ కుమ్ములాటకు దిగాయి. వేల్సు దేశస్థుడైన రిఫరీ ఆల్బర్ట్ ఫ్రీతీ మళ్ళీ మళ్ళీ హెచ్చరించాడు. పది నిమిషాలయినా కాకముందే బ్రౌన్‌లీని బయటికి పొమ్మన్నాడు. అప్పటికి కార్డులు లేవు. అవి ఫుట్‌బాల్‌లో 1970 ప్రపంచ కప్పు నాడు వచ్చాయి. వేలు చూపటమే తీర్పు. బ్రౌన్‌లీ నిజంగా తప్పు చేశాడా లేదా అని ఆ దేశంలో చాలా ఏళ్ళు వాదించుకున్నారు. కాని ఆ పద్నాలుగు మందీ ఏడుస్తూ కూర్చోలేదు. 17–11తో గెలిచారు! ఫ్రీతీ ఆ రోజు ఊదిన ఈలతోనే నేటికీ ప్రపంచ కప్పు మొదటి ఆట ప్రారంభిస్తారు. ఒకనాడు తిట్టుకున్న ఈలనే ఈనాడు పూజిస్తున్నారన్నమాట.

బ్రౌన్‌లీ తరవాత న్యూజీలాండు ఆటగాడొకడు దేశాల మధ్య ఆటలో మళ్ళీ బయటికి వెళ్ళటానికి 42 ఏళ్ళు పట్టింది. 1967లో స్కాట్లండు మీద ఆడుతూ కొలిన్ మీడ్స్ వెళ్ళాడు. ఈ మధ్య కాలమంతా ఆటగాళ్ళు సాధువులై ఉన్నారనుకుంటున్నారా? లేదు. రిఫరీలకు చేయి లేవలేదు, అంతే. రిఫరీకి చేయి లేవకపోతే ఏమవుతుందో చూడండి.

1974లో బ్రిటన్, ఐర్లండు దేశాల ఉమ్మడి జట్టు దక్షిణాఫ్రికా వెళ్ళింది. దాన్ని లయన్స్ అంటారు. కెప్టెన్ విల్లీ జాన్ మెక్‌బ్రైడ్. అక్కడ తమవాళ్ళను కొడతారనీ, రిఫరీ చూసీ చూడనట్లు ఊరుకుంటాడనీ వాళ్ళకు భయం. అందుకని ఒక సంకేతం పెట్టుకున్నారు. "తొంభై తొమ్మిది" అని కేక వినబడగానే, ఎవడు ఏ పని మీదున్నా మానేసి, పక్కనున్న ప్రత్యర్థిని కొట్టాలి. కారణం? రిఫరీ ఒకణ్ణి పంపగలడు గాని పదిహేను మందినీ ఒక్కసారి పంపలేడు గదా! లెక్క తప్పలేదు. ఆ కొట్లాటలకు ఒక్కణ్ణీ పంపలేదు. నాలుగు పెద్ద ఆటలలో మూడు గెలిచి, ఒకటి సమంగా ముగించి వచ్చారు. ఇప్పటికీ ఆ కథను మురిసిపోతూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో మురిసిపోవటానికేమీ కనిపించలేదు. న్యాయం చెప్పవలసినవాడు చేయి ముడుచుకుంటే, ప్రతివాడూ తన న్యాయం తన పిడికిలిలో పెట్టుకొని తిరుగుతాడు.

తెలుగు మాస్టరు ఇంత దూరం వచ్చి భారతం ఎత్తకుండా ఉంటాడా? భీమ దుర్యోధనుల గదాయుద్ధం గుర్తు తెచ్చుకోండి. నాభికి దిగువన కొట్టకూడదని నియమం. బలరాముడు ఇద్దరికీ గురువు, ఎదుటనే కూర్చున్నాడు. భీముడు తొడలు విరగగొట్టాడు. బలరాముడు మండిపడి నాగలి ఎత్తాడు. కృష్ణుడు పట్టుకొని ఆపి ఏవో న్యాయాలు చెప్పాడు. బలరాముడు ఒప్పుకోలేదు, ఒప్పుకోక ఏం చేశాడు? రథమెక్కి ద్వారకకు వెళ్ళిపోయాడు! నియమం తప్పినవాడు రంగంలోనే ఉన్నాడు, నియమం తెలిసినవాడు బయటికి వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ రాత్రే అశ్వత్థామ నిద్రపోతున్న పిల్లలను చంపాడు. తండ్రి పగ ముందే ఉంది. విరిగిన తొడలు చూసిన కోపం దానికి తోడైంది. భీముడికి కారణాలు లేవనను. నిండుసభలో చేసిన ప్రతిజ్ఞ ఉంది. కాని బరిలో నియమం తప్పితే, ఆ కథ బరిలోనే ముగియదని వ్యాసుడికి తెలుసు, తిక్కనకూ తెలుసు.

ఇవన్నీ మరొకసారి ఫోనులో మా వాడికి చెప్పాను. వాడు లాయరులాగా పట్టుకున్నాడు. "భీముడు కావాలని కొట్టాడు మామయ్యా. కావాలని కొట్టినవాణ్ణి పంపటానికి నాకూ అభ్యంతరం లేదు. పొరపాటున తగిలితేనో?"

అసలైన చిక్కు ఇదే. 2011 ప్రపంచ కప్పు సెమీ ఫైనలు వాడి ఊళ్ళోనే, ఆక్లండులోనే జరిగింది. వేల్సుకూ ఫ్రాన్సుకూ ఆట. వేల్సు కెప్టెన్ సామ్ వార్‌బర్టన్ 23 ఏళ్ళ కుర్రవాడు, బుద్ధిమంతుడని పేరు. అతను ఫ్రాన్సు ఆటగాణ్ణి పట్టి పైకెత్తాడు. ఎత్తినవాణ్ణి క్షేమంగా దించలేదు. అతను తలకిందులుగా నేల మీద పడ్డాడు. ఇరవై నిమిషాలు కూడా కాకముందే రిఫరీ అలాన్ రోలండ్ ఎర్ర కార్డు చూపాడు. వేల్సు 9–8, ఒక్క పాయింటుతో ఓడింది. దేశమంతా గగ్గోలు. రోలండ్ ఐర్లండువాడే అయినా తండ్రి ఫ్రెంచివాడు గనుక పక్షపాతం చూపాడని కూడా అన్నారు. ఆ తీర్పు సరియైనదేనని తరవాత ఒప్పుకున్నది ఎవరో తెలుసా? ఆ వార్‌బర్టనే.

మెడ విరిగితే "నా ఉద్దేశం అది కాదండీ" అన్న మాటతో అతుక్కోదు. అందుకే నియమం ముందు దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత ప్రమాదమో చూస్తుంది. తల సంగతి మరీ సున్నితం. కాలు విరిగితే కనిపిస్తుంది, కట్టు కట్టవచ్చు. తలలో దెబ్బ కనిపించదు. 2003లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో స్టీవ్ థామ్సన్ ఒకడు. 2020లో, ఇంకా నలభై రెండేళ్ళ వయసులో, అతనికి మతిమరుపు వ్యాధి వచ్చిందని తేలింది. తాను గెలిచిన ఆ ఆఖరి ఆటే తనకు గుర్తు లేదన్నాడు. అతనూ మరికొందరు పాత ఆటగాళ్ళూ తమ ఆరోగ్యాన్ని కాపాడలేదని ఆట పెద్దల మీద కోర్టుకు వెళ్ళారు. అతని మీద పడిన దెబ్బలన్నీ ఫౌళ్ళని కాదు. న్యాయమైన దెబ్బలకే ఒంటికి ఇంత ఖర్చయ్యే ఆటలో, అన్యాయమైన దెబ్బను ఉపేక్షించటం ఎంత తప్పో చూడమంటున్నాను.

ఇటీవల ఒక మధ్యే మార్గం కనిపెట్టారు. ఎర్ర కార్డు పడినవాడు మళ్ళీ రాకూడదు. 20 నిమిషాల తరవాత అతని బదులు మరొకరు రావచ్చు. న్యూజీలాండు, ఆస్ట్రేలియా వైపు 2020 నుంచి దీన్ని వాడి చూశారు. 2025 జనవరి నుంచి ప్రపంచమంతటా ప్రయోగానికి పెట్టారు. కావాలని చేసిన ఘోరానికి మాత్రం పూర్తి బహిష్కరణ అట్లాగే ఉంచారు. దెబ్బ భయం తగ్గిపోతుందని ఫ్రాన్సు, ఐర్లండు వ్యతిరేకించాయి. నా మట్టుకు నేను, పొరపాటుకూ పొగరుకూ తేడా చూపగలిగినంత వరకు ఇది మంచిదేనంటాను. తప్పు చేసినవాడు వెళ్ళాడు. పద్నాలుగు మందికీ ఆశ మిగిలింది. పొరపాటన్న ముసుగులో పొగరు దూరిందా, ఆ రోజే ఈ సర్దుబాటు చెడుతుంది.

కాని అసలు పంపటమే తప్పన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో మా వాడికి కూడా మొన్నటి దాకా చెప్పలేదు.

పన్నెండేళ్ళ క్రిందట నేను పని చేస్తున్న కాలేజీలో వార్షికోత్సవానికి కబడ్డీ పోటీలు పెట్టారు. వ్యాయామం మాస్టరు సెలవులో ఉన్నారు. చిన్నప్పుడు ఊళ్ళో చెడుగుడు ఆడినవాడినన్న అర్హత మీద ఈల నా చేతికిచ్చారు. ఆఖరి ఆటలో ఒక జట్టువాడు, మంచి ఆటగాడే, కూతకు వచ్చినవాడి మోకాలి మీద పక్కనుంచి తన్నాడు. హెచ్చరించాను. కాసేపటికి మళ్ళీ తన్నాడు. మళ్ళీ హెచ్చరించాను. ఎదుటి జట్టు నాయకుడు వచ్చి, "సార్, వాణ్ణి బయట కూర్చోబెట్టండి సార్" అని బతిమాలాడు. చుట్టూ ఆరేడు వందల మంది పిల్లలు కేకలు వేస్తున్నారు. వేదిక మీద పెద్దలున్నారు. ఆఖరి ఆట, చూడముచ్చటైన ఆట, ఎందుకు చెడగొట్టటమనుకున్నాను. "ఆట అన్నాక తగులుతాయి, వెళ్ళి ఆడవయ్యా" అన్నాను. నా మనసులో అది దయే.

మూడోసారి తన్నినప్పుడు ఆ కుర్రవాడి మోకాలు తప్పిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ పిల్లవాడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కి, పరుగు పరీక్షకు తయారవుతున్నాడట. ఆ సంగతి ఆస్పత్రిలో వాళ్ళ నాన్న చెపితే తెలిసింది. ఆ పరుగు అతను పరుగెత్తలేదు. ఇప్పుడు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. బజారులో కనబడితే దుకాణం మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చి, "నమస్కారం సార్" అంటాడు. ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకే అనిపిస్తుంది.

తన్నినవాడు రెండేళ్ళ తరవాత ఒకసారి మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే తాగకుండా చాలాసేపు గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు. చివరికి, "మొదటిసారే నన్ను పంపేసి ఉంటే బాగుండేది కదా సార్" అన్నాడు. నా తప్పు ఎంచటానికి కాదు. నిజంగా అతని బాధ అది.

నా దయ ఎవరికి పనికి వచ్చిందో ఆ రోజు లెక్క వేసుకున్నాను. దెబ్బ తిన్నవాడికి పనికి రాలేదు, కొట్టినవాడికీ రాలేదు. ఆట చెడగొట్టాడని నలుగురూ నన్ననకుండా ఉండటానికి పనికి వచ్చింది. ఆ కాసేపటి మంచితనాన్ని నేను ఆ పిల్లవాడి మోకాలుతో కొనుక్కున్నాను.

2023 ఆఖరి ఆటతో వేన్ బార్న్స్ రిఫరీ పని విరమించాడు. ఆ ఆట తరవాత తనకూ తన కుటుంబానికీ బెదిరింపులు వచ్చాయని చెప్పాడు. ఎర్ర కార్డు చూపే చేయి ఎంత బరువో నాకు తెలుసు. నా చేయి లేవలేదు గనుకనే తెలుసు.

ఈ కబడ్డీ కథ మొన్న మా వాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. వాడి కొడుక్కి తొమ్మిదో ఏడు. బడిలో రగ్బీ మొదలుపెట్టాడు. వెనకనుంచి ఆ పిల్లవాడు బూట్లు కనబడలేదని గోల చేస్తున్నాడు.

"ఒరే, రేపు వాడి మెడ మీద ఎవడైనా చేయి వేస్తే రిఫరీ ఏం చెయ్యాలి?" అని అడిగాను.

"పంపించెయ్యాలి మామయ్యా."

"సరే, వేసినవాడు మీవాడే అయితే?"

ఈసారి జవాబుకు కాస్త ఆలస్యమయింది. "అప్పుడూ పంపించాలి. కాని ఆ రోజు నేను నీకు ఫోను చెయ్యను" అన్నాడు.